ఎడమవైపు తొమ్మిది మిల్లీమీటర్లు

ఫిబ్రవరి 2

పెయింట్ కంపెనీ వాళ్లు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఏటా అది రంగు పాళ్లు రాసుకోడానికో, చేతులు తుడుచుకోడానికో పోతుంది. ఈసారి దాచాను. ఎందుకో తెలియదు. యాభై రెండేళ్లొచ్చాక రాత పిచ్చి పట్టిందని ఇంట్లో నవ్వుతారు, అందుకని షాపులోనే పెట్టుకుంటున్నాను.

బావ కారు ఇవాళ షాపుకొచ్చింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నాకంటే పదేళ్లు పెద్దది. ముప్పై ఏళ్లుగా డెంటింగూ పెయింటింగూ చేస్తున్నాను, ఎన్ని బళ్లు చూశానో. ఇది గేటు దాటి లోపలికొస్తుంటే మాత్రం ఇప్పటికీ చేతిలో పని ఆపేసి నిలబడిపోతాను. ముక్కు దగ్గర మొదలైన గీత తలుపుల మీదుగా తోక దాకా ఎక్కడా తడబడకుండా వెళ్తుంది. గీసినవాడెవడో గాని వాడి చేతికి దండం పెట్టాలి. రంగు ఆకుపచ్చ. ఏ ఆకుపచ్చ అంటే పేరు లేదు. డబ్బాల్లో దొరకదు. ఈ ఊళ్లో కలపగలిగేది నేనొక్కణ్ణే. ఇది గొప్పకి రాయడం లేదు, బావే అందరికీ చెప్తాడు.

"ఎనభై దాటితే ముక్కు తేలిపోతోందిరా. స్టీరింగు చేతిలో ఉన్నట్టే ఉండదు," అన్నాడు బావ. అందుకని ముక్కు కింద ఫైబర్‌గ్లాస్ స్పాయిలర్ బిగించాలి. గాలి బండి కిందికి దూరకుండా అది అడ్డుకుంటుంది. మార్చి 15న పాత కార్ల ర్యాలీ, కొండ దారిలో. రెడీమేడ్ పీసు పార్సెల్‌లో తెప్పించాడు.

అక్క ఆ కారుని పెళ్లయిన దగ్గర్నుంచీ "నా సవతి" అంటుంది. ఇవాళ ఫోన్ చేసి, "సవతికి ఇప్పుడు గడ్డం కూడా అతికిస్తున్నారటగా. ముసలిదాని సోకు చూడు," అంది.

ఫిబ్రవరి 4

పీసు పెట్టి చూశాను. ఎడమవైపు ముక్కుకి ఆనుతోంది. కుడివైపు వేలు దూరేంత సందు.

నేల మట్టం చూసి కొలిచాను. ముక్కు కింది అంచు నుంచి నేలకి: ఎడమ 28.4 సెంటీమీటర్లు, కుడి 29.3.

స్ప్రింగు కుంగి ఉంటుంది. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 5

స్ప్రింగు బాగానే ఉంది.

ఫిబ్రవరి 6

పదకొండింటికి బావ వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి నేల మీద బోర్లా పడుకుని సందులో వేలు పెట్టి చూశాడు. "ఏంట్రా ఇది?" అన్నాడు.

"పీసే వంకర బావా," అన్నాను.

అంతే. లేచి దులుపుకుని, నా బల్ల మీదే కూర్చుని, ఆ పీసు చేసినవాళ్లకి ఉత్తరం రాశాడు. "పని రానివాళ్లు పని ఎందుకు పెట్టుకుంటారు" అని ఒక వాక్యం. నాకు చదివి వినిపించాడు. బాగుందన్నాను.

ఆ పీసు వంకర కాదు. బల్ల మీద పెట్టి రెండువైపులా కొలిచాను. అంత తిన్నగా ఉన్న పీసు ఈమధ్య చూడలేదు.

ఫిబ్రవరి 8

ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాపరికం ఎందుకు?

పంతొమ్మిదేళ్ల కిందట బావా అక్కా పదిరోజులు ఊరెళ్లారు. అప్పుడు నా షాపు బావ పెరట్లోనే ఉండేది. బావ ఇంజన్ పని చేయించేది మేస్త్రీ దగ్గర. కారు తాళం ఆ పదిరోజులూ మేస్త్రీ దగ్గరుంది, ఆ పెరట్లోనే ఇంజన్ పని ఉందని. మేస్త్రీ మధ్యాహ్నం భోజనానికి వెళ్లేవారు, తాళం నా షాపులో మేకుకి వేలాడేది. ఒక్కసారి తిప్పి తెచ్చేద్దామనుకున్నాను. తిప్పాను. ఆ బండిని తోలడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది మాత్రం చెప్పుకోలేకపోయాను ఇన్నాళ్లూ. తిరిగొస్తూ గేటు స్తంభానికి ఎడమ మూల కొట్టాను.

దీపం పగిలింది. ముక్కు ఎడమ మూల లోపలికి పోయింది. మేస్త్రీ ఆ రోజు భోజనం నుంచి అటే రెండురోజులు వేరే ఊరి పని మీద వెళ్లారు, ఆ రెండురోజుల్లో లాగి, కొట్టి, పుట్టీ పెట్టి, రంగు కలిపి వేశాను. నా జీవితంలో అంత మంచి పని ముందూ చేయలేదు, తర్వాతా చేయలేదు. లాగేటప్పుడు కింది అంచు కాస్త దిగింది. తొమ్మిది మిల్లీమీటర్లు. కంటికి తెలియదు. ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు. కింద తిన్నటి పీసు పెడితే తెలుస్తుంది. అప్పుడు కూడా సందు కనబడేది కుడివైపు, తప్పు ఎడమవైపుది.

బావ తిరిగొచ్చాక మీటరు పదకొండు కిలోమీటర్లు ఎక్కువ తిరిగినట్టు చూశాడు. ఎడమ దీపం కొత్తది. మేస్త్రీని పిలిచి అడిగాడు. ఆయన "నేను కాదు" అని ఒక్కసారి చెప్పి వెళ్లిపోయారు. పాత కార్లున్న పదకొండు మందికీ బావ చెప్పాడు, తాళం ఇస్తే షికార్లు తిరుగుతాడని. ఆ తర్వాత ఆయనకి కారు ఇచ్చినవాళ్లు లేరు.

నేను ఎవరి పేరూ చెప్పలేదు. మాట్లాడలేదు, అంతే.

ఫిబ్రవరి 10

"కొత్తది ఎవరిచేతైనా పోయించు. ముక్కుకి కొలత తీసి చేసేవాడు కావాలి," అన్నాడు బావ.

ఈ ఊళ్లో అలా పోసేది ఒక్కరే. ఫైబర్‌గ్లాస్‌తో పడవలు, నీళ్ల ట్యాంకులు, పిల్లల పార్కుల్లో జారుడుబల్లలు చేస్తారు. అందరూ గ్లాసు మేస్త్రీ అంటారు. పంతొమ్మిదేళ్ల కిందట ఇంజన్ మేస్త్రీ అనేవారు.

ఆ రోడ్డున నేను వెళ్లడం మానేసి చాలాకాలమైంది. గుంతలు ఎక్కువ.

ఫిబ్రవరి 11

వాన వచ్చేలా ఉంది. వెళ్లలేదు.

ఫిబ్రవరి 12

వాన రాలేదు. షాపులో పని.

ఫిబ్రవరి 14

వెళ్లాను. గుంతలేమీ లేవు. ఎప్పుడో కొత్త రోడ్డు వేశారట.

రేకుల షెడ్డు. బయట రెండు పడవలు బోర్లించి ఉన్నాయి. లోపల తొండం ఒక్కటే పూర్తయిన ఏనుగు జారుడుబల్ల. రెజిన్ జిగురు వాసన గొంతులో దిగబడింది. మేస్త్రీ పాత రెయిన్‌కోటు వేసుకుని, మోచేతుల దాకా పిల్లల పౌడరు రాసుకుని, పడవ అంచు సానపడుతున్నారు. పౌడరు రాసుకుంటే గ్లాసు నూగు చర్మంలో దిగదట. జుట్టంతా తెల్లబడింది, లేదా దుమ్ము.

నన్ను చూశారు. మిషను ఆపలేదు. అంచు చివరి దాకా వెళ్లాకే ఆపారు.

"రండి షాపు ఓనరు గారూ. కూర్చోండి," అన్నారు.

నాకు వెల్డింగ్ టార్చి పట్టడం నేర్పింది ఈయనే. "ఒరేయ్ గాడిదా, కళ్లు పోతాయి, అద్దం పెట్టుకో" అని నెత్తిన మొట్టిన మనిషి. ఆయన నోట ఆ "రండి", ఆ "కూర్చోండి" చెప్పుతో కొట్టినట్టున్నాయి.

బావ కారని చెప్పాను. స్పాయిలర్ అని చెప్పాను. ఆయన కాసేపు పడవ వైపు చూసి, "బండి తీసుకురండి. బండి లేకుండా కొలత లేదు," అన్నారు. ఇంకేమీ అడగలేదు. ఏమన్నా అడిగితే ఏం చెప్పాలో దారంతా అల్లుకుంటూ వెళ్లాను, అదంతా వృథా.

ఫిబ్రవరి 16

బండి తీసుకెళ్లాను. బావకి మాత్రం "పడవలు చేసేవాడు" అన్నాను. అబద్ధం కాదు.

మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగారు. బానెట్ మీద చెయ్యి వేసి, "బాగున్నావా," అన్నారు. బండితోనే. తర్వాత కళ్లు మూసుకుని కుడి ముక్కు మీద అరచెయ్యి నడిపారు. మెల్లగా, నిద్రపోతున్న పిల్లాణ్ణి నిమిరినట్టు. ఎడమవైపుకొచ్చారు. మూల దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి తీసి మళ్లీ నడిపారు. మళ్లీ అక్కడే ఆగింది.

పంతొమ్మిదేళ్లలో ఎంతమంది ఆ ముక్కు మీద చెయ్యి వేశారో. బావ వారానికోసారి తుడుస్తాడు. ఎవరికీ తెలియనిది ఆయన అరచేతికి రెండు నిమిషాల్లో తెలిసింది. భయమేసింది, నిజమే. దానికంటే ముందు, దేవుడా ఏం చెయ్యి అనిపించింది.

కళ్లు తెరిచి అడిగారు. "స్పాయిలర్ నేలకి సరిపోవాలా, ముక్కుకి సరిపోవాలా?"

"రెండూ ఒకటే కదా మేస్త్రీ గారూ," అన్నాను.

"ఒకటైతే అడగను కదండీ."

ఫిబ్రవరి 21

మూడుసార్లు వెళ్లాను. పని చూడ్డానికి.

ముక్కు కింద చెక్క, అట్ట, మట్టి పెట్టి ఆకారం తీశారు. ఎక్కడా స్కేలు లేదు. దారానికి నట్టు కట్టి వేలాడదీయడం, సుద్దతో నేల మీద గీయడం. ఆ మట్టి నుంచి అచ్చు తీశారు. అచ్చుకి మైనం రాశారు, ఏడుసార్లు. ఆరుసార్లు చాలదా అన్నాను. "చాలుతుంది," అని ఏడోసారి రాశారు.

రెజిన్‌లో అది గట్టిపడటానికి హార్డెనర్ సీసా మూతతో కలుపుతారు. ఎండ చూసి మూత నిండుగానో, వెలితిగానో. తర్వాత గ్లాసు పీచు మ్యాట్ పరిచి, రోలరుతో ఒత్తి గాలి బుడగలన్నీ బయటికి తరుముతారు. ఆరాక రూపాయి బిళ్లతో పొడుగునా కొట్టి చెవి పెట్టి వింటారు. ఒకచోట చప్పుడు కాస్త బోలుగా ఉంది, నాకు తెలియలేదు, ఆయన చూపించాక తెలిసింది. "ఇక్కడ గాలి ఉండిపోయింది. ఇవాళ ఏం కాదు. ఎప్పుడో ఒకనాడు ఇక్కడే పగులుతుంది," అని అంతమేర కోసి మళ్లీ పోశారు.

ఇంజన్‌లో చెవి పెట్టి వాల్వు చప్పుడు చెప్పే మనిషి ఇలా ట్యాంకుల మీద రూపాయి కొట్టుకుంటూ పంతొమ్మిదేళ్లు గడిపారు. కొట్టుకుంటూనే ఈ పనిలోనూ ఊళ్లో సాటి లేనివారయ్యారు. నేనైతే తాగి చచ్చేవాణ్ణి.

నేను ఎవరి పేరూ చెప్పలేదు కదా.

ఫిబ్రవరి 22

చెప్పాను.

ఊరి నుంచి వచ్చిన రోజు బావ ఆ కొత్త దీపం వైపు చూస్తూ "తాళం ఎవరి దగ్గరుంది?" అన్నాడు. తాళం ఎవరికిచ్చాడో బావకి గుర్తే. ఊరికే గొణుక్కున్నాడు. నేను ఊరుకోవచ్చు. "మేస్త్రీ దగ్గరే ఉంది బావా," అన్నాను. ఆయన అక్కడే ఉన్నారు, నా పక్కన, స్పానరు తుడుస్తూ. పగిలిన దీపం గాజు కోసుకుని నా చేతికి కట్టు ఉంది. ఆ కట్టు వైపు ఒకసారి చూశారు.

రెండు వారాలుగా ఈ డైరీకి కూడా అబద్ధం చెప్తున్నాను.

మార్చి 3

పీసు ఇచ్చారు. ఎంత బాగుందంటే షాపుకి తెచ్చి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు ఊరికే చూశాను. సన్నగా ఉంది, కాని రెండు చేతులతో మెలిపెట్టినా కదలదు. కింది అంచు ముక్కు వంపుని అచ్చంగా పట్టుకుని నడుస్తోంది, ఆ కారుతోనే పుట్టినట్టు. సగం ఏనుగు పక్కన కూర్చుని ఇది చేశారంటే ఎవరూ నమ్మరు.

పై అంచు మాత్రం కోయలేదు. అంగుళం ఎక్కువే వదిలారు, దాని మీద రంగు పెన్సిళ్లతో రెండు గీతలున్నాయి. కుడివైపు రెండూ ఒకటే. ఎడమకి పోయేకొద్దీ విడిపోతాయి.

"ఎర్ర గీత నేలకి. నీలం గీత ముక్కుకి," అన్నారు. "నీలం మీద కోస్తే బిళ్ల కూడా దూరదు, ఎవరికీ ఏమీ తెలియదు. ఎర్రదాని మీద కోస్తే ముక్కు తిన్నగా చేస్తేగాని కూర్చోదు. కోసే పని మీరే చేసుకోండి, నా చేతులు దురదెక్కాయి."

ఆయన చేతులు పంతొమ్మిదేళ్లుగా దురదెక్కే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

మార్చి 4

కోయలేదు.

మార్చి 5

ఎర్ర గీత మీద రంపం పెట్టాను. పెట్టి, బావకి ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. బావే ముందు ఫోన్ చేశాడు. ర్యాలీకి టోపీ కొన్నాడట. ఏ రంగు కొన్నాడో చెప్పడానికి చేశాడు. ఆ మనిషి గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో.

ర్యాలీ అయిపోయాక చెప్తాను. పదిరోజుల్లో కొంపేం మునగదు.

నీలం గీత మీద కోశాను.

మార్చి 8

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

బిగించడానికి మేస్త్రీ వస్తానన్నారు. వద్దనలేకపోయాను. తొమ్మిదింటికల్లా వచ్చారు. బోల్టు కంటే రంధ్రం కాస్త పెద్దది వేయించారు. ఎండకి గ్లాసు సాగుతుంది, దానికి చోటివ్వాలి అన్నారు. ప్రతి బోల్టు కింద రబ్బరు, దాని మీద వెడల్పాటి వాషరు. పీసు పై అంచుని చూశారు, నీలం గీత మీద కోసిన అంచుని.  ఆయన పట్టుకున్నారు, నేను బిగించాను. అచ్చం ఆయన చెప్పినట్టే బిళ్ల కూడా దూరలేదు.

పదింటికి బావ వచ్చాడు, కొత్త టోపీతో. మేస్త్రీని చూసి గుమ్మంలో ఆగిపోయాడు. నావైపు చూశాడు.

"పడవలు చేసేది ఈయనే బావా," అన్నాను.

బావ ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా అతుకులో గోరు నడిపాడు. వెనక్కి వెళ్లి చూశాడు, దూరం వెళ్లి చూశాడు. ఆ స్పాయిలర్‌తో బండి నేలని పట్టుకుని ఇప్పుడే దూకేట్టుంది. బావ కళ్లలో నీళ్లు. ఇది అతిశయోక్తి కాదు, ఆయనకి కారు విషయంలో కళ్లు తొందరగా తడుస్తాయి.

లేచి మేస్త్రీ దగ్గరికెళ్లాడు. "మేస్త్రీ, నన్నడక్కుండా బండి తీసుకెళ్లి దీపం పగలగొట్టావు. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నాను. ఇంత పని చేసిపెట్టాక ఇంకా ఏం పెట్టుకుంటాను? ఇవాళ్టితో మరిచిపోయాను. నిన్ను క్షమించేశాను," అని చెయ్యి చాపాడు.

మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే తట్టుకోలేకపోయాను. తిడితే ఊరుకునేవాణ్ణేమో, ఒకసారి ఊరుకున్నవాణ్ణే కదా.

మేస్త్రీ చెయ్యి చాపలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. ఒక్కొక్క వేలూ తుడుస్తున్నారు. శుభ్రంగా ఉన్న వేళ్లే. నావైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కోపమొచ్చి నోరు మూసుకునేవాణ్ణేమో.

"బావా, కొట్టింది నేను," అన్నాను.

"ఏం కొట్టావు?"

"కారు. గేటు స్తంభానికి. మీరిద్దరూ ఊరెళ్లినప్పుడు."

బావ నవ్వాడు! నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్, నువ్వు మరీ మంచివాడివిరా. పెద్దాయన తల దించుకోవాల్సొస్తుందని నీ మీద వేసుకుంటున్నావా? అక్కర్లేదు, నేను మరిచిపోయానంటున్నానుగా," అన్నాడు.

నిజం చెప్పినా నమ్మనంత నమ్మకం పెట్టుకున్నాడు నా మీద. ఏం చేయను? బల్ల మీది అయస్కాంతం తీసుకున్నాను. ముక్కు కుడివైపు పెట్టాను, టక్కుమని అతుక్కుంది. తీసి ఎడమ మూలన పెట్టాను. అతుక్కోలేదు. జారి కింద పడింది.

"అక్కడ ఇనుము అడుగున ఉంది బావా. పైనంతా పుట్టీ."

బావ వంగి అయస్కాంతం తీసుకుని తనే పెట్టాడు. రెండుసార్లు. రెండుసార్లూ పడింది.

"ఈ మేస్త్రీకి ఇంజన్ వచ్చు. పుట్టీ పెట్టడం ఏనాడైనా చూశావా?" అన్నాను. "ఈ రంగు ఈ ఊళ్లో ఎవరు కలపగలరో నువ్వే అందరికీ చెప్తావు కదా. కలిపింది ఎవరు మరి?"

బావ ముఖంలో ఆ నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. అలా పోవడం నేను చూడాల్సొచ్చింది.

బావ మేకుకున్న కారు తాళం తీసుకుని జేబులో వేసుకుని, టోపీ తీసి చేతిలో పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. ఇల్లు మూడు కిలోమీటర్లు.

మేస్త్రీ పనిముట్లు సంచిలో సర్దుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఆ మూడో బోల్టు కాస్త వదులు చెయ్యి. బిగించి చంపేశావు."

చెయ్యి అన్నారు. చెయ్యండి అనలేదు.

మార్చి 9

మూడో బోల్టు వదులు చేశాను. బావ రాలేదు.

మార్చి 10

రాలేదు.

మార్చి 12

అక్క వచ్చింది. ఇచ్చిన కుర్చీలో కూర్చోలేదు.

"మేం ఊరి నుంచి వచ్చిన రోజు చేతికి కట్టుతో కనబడ్డావు. డబ్బా మూత కోసుకుందన్నావు. పసుపు నేనే పెట్టాను," అంది. "ఆ పెద్దాయన గురించి వాళ్లింట్లోవాళ్ల ముందే ఎన్ని మాటలన్నానో తెలుసా నీకు? ఇప్పుడు వాళ్లావిడ ఎదురుపడితే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?"

బావ సంగతీ తనే చెప్పింది.

బావ ఆ పదకొండు మందికీ ఫోన్లు చేశాడట. బతికున్నవాళ్లు ఏడుగురు. ఇద్దరి పిల్లలకి కూడా చేశాడట. ఒక్కొక్కరికీ నా పేరు చెప్పి, వరసతో సహా చెప్పి, తప్పు తనదీ తన బావమరిదిదీ అన్నాడట. తనది ముందు చెప్పాడట. ఆ మనిషిని నేను ఇన్నేళ్లూ కారు పిచ్చివాడనే అనుకున్నాను.

తర్వాత షెడ్డుకి వెళ్లాడట. వెళ్లేసరికి మేస్త్రీ, "రెజిన్ కలిపేశాను, ఆగితే గడ్డకడుతుంది. ఆ బకెట్ బోర్లించుకుని కూర్చోండి," అన్నారట. నలభై నిమిషాలు బకెట్ మీద కూర్చున్నాడట మా బావ. కుర్చీ తుడవందే కూర్చోని మనిషి.

"ఏం మాట్లాడుకున్నారు?" అన్నాను.

"నాకేం చెప్పాడు? ఒళ్లంతా దురదని వచ్చి రెండుసార్లు స్నానం చేశాడు," అంది. చెప్తూ చెప్తూ నవ్వొచ్చి ఆపుకుంది. నేనూ ఆపుకున్నాను. వెళ్తూ వెళ్తూ నా నెత్తిన గట్టిగా మొట్టింది. ఇంకా నొప్పిగా ఉంది.

మార్చి 13

ఆ ఏడుగురిలో ఒకాయన రంగుకిచ్చిన తన కారు వెనక్కి తీసుకెళ్లిపోయాడు. సగంలో ఉంది పని. అలాగే తీసుకెళ్లాడు. అడ్డు చెప్పలేదు.

మార్చి 15

ర్యాలీ ఇవాళే. బండి షాపులోనే ఉంది.

మార్చి 17

షెడ్డుకి వెళ్లాను. ఏనుగు పూర్తయింది, కళ్లు కూడా వేశారు. దాని వెనకాల ఒక పాత కారు, బానెట్ తెరిచి ఉంది. ఆ పదకొండు మందిలో ఒకరిది. మేస్త్రీ దాని ఇంజన్ మీద వంగి చెవి పెట్టి వింటున్నారు. పలకరించకుండా నిలబడ్డాను. వినడం అయ్యాకే తలెత్తారు.

రెండు చేతులూ జోడించాను.  దారంతా అల్లుకున్నది ఈసారీ వృథా.

"చేతులు దించు. పని చెప్పు," అన్నారు.

"ముక్కు విప్పి తిన్నగా చేస్తున్నాను మేస్త్రీ గారూ. పీసు నీలం గీత మీద కోసేశాను. ఎడమవైపు తక్కువొస్తుంది. అతుకు వేస్తారా?"

ఆయన ఏనుగు వెనక్కి వెళ్లి గోనె తీశారు. గోనె కింద ఇంకో స్పాయిలర్. పై అంచు కోయనిది.

"ఇది ఎప్పుడు పోశారు?"

"మొదటిదాంతోనే. నీలం మీద కోస్తావని తెలుసు. నీ చెయ్యి నాకు తెలియదా?"

"మరి మళ్లీ వస్తానని?"

"అది తెలియదు," అన్నారు. "రెజిన్ మిగిలింది, పోసి పడేశాను."

మైనం ఏడుసార్లు రాసే మనిషి రెజిన్ మిగలనిస్తాడా?

షాపుకి తెచ్చి బల్ల మీద పెట్టాను. దీని మీద ఒకటే గీత ఉంది.

మార్చి 24

ఎడమ మూల రంగు తీసేశాను. నా జీవితంలో చేసిన అన్నిటికంటే మంచి పని, నా చేత్తోనే గీకాను. పుట్టీ పెళ్లలు పెళ్లలుగా రాలింది. అడుగున ఆ రోజు కొట్టిన సుత్తి దెబ్బలు అన్నీ అలాగే ఉన్నాయి, కంగారులో కొట్టినవి, అడ్డదిడ్డంగా.

పని మధ్యలో వెనకాల ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. బావ. ఎంతసేపట్నుంచి ఉన్నాడో. ఆ సుత్తి దెబ్బల మీద వేళ్లు పెట్టి చూశాడు.

"ఆ రంగు ఇంకా కలపగలవా?" అన్నాడు. పదహారు రోజుల తర్వాత మొదటి మాట.

"కలపగలను."

"అయితే కలుపు," అని వెళ్లిపోయాడు. తాళం మేకుకి తగిలించలేదు.

ఏప్రిల్ 2

ఎర్ర గీత మీద కోశాను.

ఏప్రిల్ 4

మేస్త్రీ వచ్చి బిగించారు. మూడో బోల్టు తనే బిగించుకున్నారు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఎడమ 29.3. కుడి 29.3. కొలిచే దారం అవతలి కొస బావ పట్టుకున్నాడు.